అన్నయ్యా అని పిలవనివ్వండి

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. నా తమ్ముడికి 26 ఏళ్లు. పుట్టుకతో బుద్ధిమాంద్యం. రెండేళ్ల క్రితం యజమానిని బతిమాలి గ్రేడింగ్ పనిలో పెట్టించాను. గుళ్లు (విరగని పప్పు), బద్దలు తప్పు లేకుండా వేరుచేస్తాడు. అయినా పక్కవాళ్ల కూలిలో సగమే ఇస్తారు, అదీ నా చేతికి. తోటివాళ్లు పేర్లు పెట్టి ఏడిపిస్తారు, భోజనానికి విడిగా కూర్చోబెడతారు. నలుగురిలో బాగుండదని, అక్కడ నన్ను అన్నయ్య అని పిలవవద్దని చెప్పాను. నెల రోజులుగా రాత్రి సరిగా అన్నం తినడం లేదు. పింఛను వస్తోంది కదా, పని మాన్పించమని నా భార్య అంటోంది. అమ్మ ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

సలహా: మాన్పించకండి. మీరు అడిగినదానికి అంతకుమించి జవాబు అక్కరలేదు. 6,000 రూపాయల పింఛను అతని హక్కు. దాన్ని చూపించి 26 ఏళ్ల మనిషిని గుమ్మంలో కూర్చోబెట్టకూడదు. మీ అమ్మగారికి ఇది తెలుసు.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది వేరే చోట. తోడబుట్టినవాడితో, మిమ్మల్ని అన్నయ్య అని పిలవవద్దన్నారు. అంత మాటను మధ్యలో ఒక వాక్యంగా రాసి దాటిపోయారు. బుద్ధి తెలిసిన దగ్గర నుంచి అతనికి మీరు అన్నయ్యే. ఇంట్లో అన్నయ్య, గేటు దాటాక సార్ అంటే అతనికి ఏం అర్థమవుతుంది? తాను ఏదో తప్పు చేశాననే అర్థమవుతుంది. ఆ తప్పేమిటో అడగడానికి మాటలు రావు. అందుకే కంచం ముందు నుంచి లేచిపోతున్నాడు.

ఆ గ్రేడింగ్ బల్ల దగ్గర పనిచేసేవాళ్లు చెడ్డవాళ్లని నేను అనుకోను. సూపర్‌వైజర్ తమ్ముడని తెలిసీ, సూపర్‌వైజరే ముఖం తిప్పుకోవడం రోజూ చూస్తున్నారు. ఇక వాళ్లకు అడ్డేముంది? యజమాని లెక్కా అంతే. అడిగేవాడు లేడని తెలిసినచోట సగం కూలి ఇస్తే సరిపోతుంది.

ఉద్యోగం పోతుందనే భయం మీకుంది. ఇల్లు మీ జీతం మీద నడుస్తోంది కాబట్టి ఆ భయాన్ని నేను తప్పుపట్టను. అయితే మీరు రాసింది భయం గురించి కాదు. ‘నలుగురిలో బాగుండదు’ అని రాశారు. అది సిగ్గు. తమ్ముణ్ణి చూసి సిగ్గుపడే అన్నను నేను సమర్థించలేను, మీరెంత కష్టపడి అతనికి పని ఇప్పించినా సరే.

కాబట్టి ముందు మీ ఇద్దరి మధ్య సంగతి చక్కబడాలి. రేపు మధ్యాహ్నం మీ క్యారియర్ తీసుకుని వెళ్లి అతని పక్కన కూర్చోండి. అందరూ వినేలా ‘తమ్ముడూ’ అని పిలవండి. ఉపన్యాసం ఏమీ అక్కరలేదు, అన్నం తినండి చాలు.

తర్వాత యజమానితో మాట్లాడండి. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది. వైకల్యం ఉన్నవాళ్లకు సమాన అవకాశాలు ఎలా కల్పిస్తారో ప్రతి సంస్థా ఒక విధానం రాసి ప్రకటించాలి. పదిమందిలో కావాలని అవమానిస్తే 6 నెలల నుంచి 5 ఏళ్ల వరకు జైలుశిక్ష ఉంది. బెదిరించమని చెప్పడం లేదు, ఆయనకు తెలియజేయండి. కూలి విషయంలో మీ దగ్గర చట్టం కన్నా గట్టి సాక్ష్యం ఉంది. అతను రోజుకు ఎన్ని కిలోలు వేరుచేస్తున్నాడో, పక్కవాళ్లు ఎన్ని చేస్తున్నారో రెండు వారాలు రాసి చూపండి. సూపర్‌వైజర్‌గా ఆ లెక్క మీ చేతిలోనే ఉంది కదా! అప్పటికీ వినకపోతే కార్మిక శాఖ అధికారి దగ్గరకు, శ్రీకాకుళంలోని విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ కార్యాలయానికి వెళ్లండి.

పని దగ్గర అతనికి కావలసింది పెద్దగా ఏమీ లేదు. ఒకసారికి ఒకే పని చెప్పాలి, చేసి చూపించాలి. గుళ్ల సైజును చెప్పే 240, 320 గ్రేడ్ల అంకెలు అతనికి పట్టుబడకపోతే ఒక్కో ట్రే ముందు నమూనాగా నాలుగు గుళ్లు పెట్టండి. చూసి పోల్చుకుంటాడు.

ఇక కూలి డబ్బు. ఇన్నాళ్లూ అది మీ చేతికి రావడం నాకు నచ్చలేదు. తన డబ్బు వ్యవహారంలో తనకూ హక్కుందని అదే చట్టం చెబుతోంది. అతని పేర బ్యాంకు ఖాతా తెరిపించండి, సాయానికి అమ్మగారు ఉంటారు. ఖర్చు కోసం కొంత అతని చేతికే ఇవ్వండి. కాశీబుగ్గ బజారుకు తీసుకెళ్లి, ఏం కొనుక్కుంటాడో అతన్నే అడగండి. ఏం కొన్నాడో నాకు రాయండి.