లేబుల్ బొమ్మ ఎవరిది?

ప్రశ్న: గుంటూరులో మాది కారం ప్యాకెట్ల వ్యాపారం. విజయవాడ డిజైనర్‌కి డబ్బిచ్చి లేబుల్ వేయించాం. బిల్లుంది. బొమ్మ మాదేనా?

జవాబు: బిల్లు ఒక్కటే చాలదండి. ఆయన మీ ఉద్యోగి కాదు కాబట్టి, రాసిచ్చేదాకా కాపీరైట్ సాధారణంగా ఆయనదే. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఆయన సంతకంతో బదిలీ పత్రం తీసుకోండి. ఏ బొమ్మ, ఏ హక్కులు, ఎంత సొమ్ము అన్నీ రాయాలి. లేబుల్ ప్రింటు జతచేసి, దానిమీదా సంతకం పెట్టించండి.

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: పత్రంలో కాలం రాయకపోతే మీకు హక్కు 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. రేపు దుబాయ్‌కి కారం పంపితే చిక్కే. ‘కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటా’ అని రాయించండి. ఏడాదిలోగా వాడుకోని హక్కు రద్దవుతుంది. ‘వాడకపోయినా పోదు’ అనీ చేర్చండి. బ్రాండు పేరుకి ట్రేడ్‌మార్క్ దరఖాస్తు వేరే.