ఏథెన్స్ వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు జర్మనీ నుంచి ఏథెన్స్ వెళ్తున్నావని మీ నాన్న నిన్న ఫోన్‌లో చెప్పాడు. అదీ జూలైలో, ఒక్కదానివే, ఒక్క రోజులో అన్నీ చూసేస్తావట. మన ఇంట్లో నా తర్వాత ఆ అక్రోపొలిస్ కొండ ఎక్కేది నువ్వే. సంతోషం పట్టలేక మీ పెద్దమ్మ చేత పాయసం చేయించాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కో, పొద్దున మొదటి టైమే తీసుకో. ఎండలు మరీ ముదిరితే మధ్యాహ్నం పూట అక్రోపొలిస్ మూసేస్తున్నారు. నీళ్లు, టోపీ సంగతి నీకు చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది బూట్ల గురించి.

1988 జూలైలో మా ఓడ ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులో ఆగింది. సాయంత్రం ఆరుకల్లా తిరిగి ఎక్కాలి. నేనూ, కొట్టాయం నుంచి వచ్చిన మా సెకండ్ ఇంజనీరూ కరెంటు రైలెక్కి థిసియో స్టేషన్‌లో దిగాం. ఒడ్డుకి వెళ్తున్నాం కదా, దొరల్లా ఉండాలని కొత్త బూట్లు వేశాను. అడుగున రబ్బరు కాదు, తోలు. పైన అద్దంలా పాలిష్.

అక్రోపొలిస్ గేటు దిగువనే ఏరియోపగస్ అని ఒక బోడి బండ ఉంటుంది. బైబిల్లో పౌలు ఏథెన్స్ వాళ్లతో మాట్లాడిన చోటు అదేనని మా సెకండ్ ఇంజనీరు ఎక్కుదామన్నాడు. రాతిలోనే తొలిచిన మెట్లు. జనం తొక్కితొక్కి సబ్బుబిళ్లల్లా అయ్యాయి. ఎక్కడం బాగానే ఎక్కాను. ఓడకి ఆలస్యమవుతోందని దిగేటప్పుడు వాచీ చూసుకున్నాను, అంతే. కాలు జారింది, ఎడమ చెయ్యి ఆనించాను, లోపల పుల్ల విరిగిన చప్పుడు. ఆయన చేతిరుమాలు కట్టి ఓడకి తెచ్చాడు. బెణికిందని అందరికీ చెప్పి, తర్వాతి రేవు దాకా ఇంజిన్ రూమ్‌లో ఒంటిచేత్తో డ్యూటీ చేశాను. ఎముక వంకరగా అతుక్కుంది.

నీ చెయ్యి ఎందుకిలా ఉందని చిన్నప్పుడు నువ్వడిగితే ఇంజిన్ రూమ్ నిచ్చెన మీంచి పడ్డానన్నాను, గుర్తుందా? పెద్దమ్మకీ అదే చెప్పాను. అప్పటికి పెళ్లయి ఏడాది. డ్యూటీలో తగిలిన దెబ్బంటే గౌరవం. రాళ్లు చూడబోయి పడ్డానంటే ఇప్పటికీ దెప్పుతూ ఉండేది.

ఇప్పుడు ఆ మెట్ల పక్కన ఇనుప మెట్లు పెట్టారు. వాటి మీదే ఎక్కు, కమ్మీ పట్టుకో. కొండ పైన పార్థెనాన్ గుడి దగ్గరి పాలరాయి కూడా నున్నగానే ఉంటుంది. రబ్బరు అడుగున్న పాత బూట్లే వేసుకో, హీల్స్ అక్కడ నిషేధం కూడాను.

పార్థెనాన్ దగ్గర ఫొటోలు అయ్యాక ఒక పని చెయ్యి. మూల దగ్గర వంగి, పొడుగు మెట్టు అంచు వెంబడి చూడు. తిన్నగా ఉండదు, మధ్యలో సుమారు 11 సెంటీమీటర్లు పైకి లేచి ఉంటుంది. కావాలనే అలా కట్టారు. రాయికీ రాయికీ మధ్య ఇనుప బద్దీలు బిగించి, తుప్పు పట్టకుండా వాటి చుట్టూ సీసం పోశారు. 20వ శతాబ్దం మొదట్లో మరమ్మతు చేసిన బలనోస్ అనే ఇంజనీరు ఆ సీసం వదిలేశాడు. ఇనుము తుప్పుపట్టి ఉబ్బి పాలరాళ్లని పగలగొట్టింది. ఇప్పుడు అవి పీకి టైటానియం వేస్తున్నారు. ఇరవై ఆరేళ్లు ఓడల్లో తుప్పు గోకినవాడిని, నాకు ఆ గుడిని పేల్చేసిన 1687 నాటి ఫిరంగి గుండు కన్నా ఈ ముక్కే ఎక్కువ బాధగా ఉంటుంది.

సాయంత్రం సూర్యాస్తమయానికి సముద్రం ఒడ్డున గుడి ఉన్న సూనియో కూడా అన్నావట. బుద్ధుందా? ఊరి నుంచి 70 కిలోమీటర్లు. పొద్దుణ్నించీ ఎండలో తిరిగి మళ్లీ బస్సు పట్టుకుని పరిగెడతావా? పరిగెత్తే నేను పడ్డాను. మధ్యాహ్నం అక్రోపొలిస్ మ్యూజియంలో చల్లగా కూర్చో, ఆ కొండ మీది ఇంకో గుడిలో స్తంభాలుగా నిలబడ్డ రాతి అమ్మాయిలు అక్కడ ఐదుగురున్నారు. ఆరో అమ్మాయి లండన్‌లో ఉండిపోయింది. ఎప్పుడొస్తుందోనని వీళ్లు ఎదురు చూస్తున్నట్టే ఉంటుంది. నువ్వు వెళ్లి రెండేళ్లయింది, మీ అమ్మ కూడా అలాగే నిలబడుతోంది గుమ్మంలో.

ఆ బండ మీది పాత మెట్లు ఫొటో తీసి పంపు. నాకొక్కడికే పంపు, ఫ్యామిలీ గ్రూపులో పెట్టకు.

మీ పెదనాన్న