గేటు నుంచి ఫ్రిజ్ దాకా గోదారి

చిట్టితల్లికి పెద్దమ్మ దీవెనలు.

పాఠంలో ఉన్న గోదావరి ఉపనదులు అయిదూ ఎన్నిసార్లు వల్లె వేయించినా మీవాడు తెల్లారేసరికి మర్చిపోతున్నాడని ఫోన్లో విసుక్కున్నావు. ఇక వల్లె వేయించడం ఆపు. పుస్తకం మూసి వాణ్ణి గేటు దగ్గరికి తీసుకెళ్ళు. ఇంట్లో ఒక్కో చోట ఒక్కో నదికి గుర్తుగా ఒక వింత బొమ్మని ఊహించుకోవాలి, అంతే.

గేట్లోంచి లోపలికి నడుస్తుంటే గోదారి సముద్రం వైపు పారుతున్నట్టు అనుకోమను. కుడివైపు చెప్పుల స్టాండు మీద కాలి అందెలు ఘల్లుమంటున్నాయి. మంజీరమంటే అందె కదా, అది మంజీర. అటువైపే కుర్చీలోంచి పెద్ద మాను మొలిచి కప్పు పగలగొట్టింది. మానేరు. ఇక ఎడమవైపు. సోఫాలో స్టెతస్కోపుతో డాక్టరు, ప్రాణహిత. టీవీకి అడ్డంగా ఇంద్రుడి తెల్ల ఏనుగు, ఇంద్రావతి. ఫ్రిజ్ దగ్గర ఒక ముసలమ్మ రేగుపళ్ళు కొరికి రుచి చూస్తోంది. ఆవిడెవరో వాడే చెప్తాడు. వరస వచ్చేసింది. మొదటి రెండూ కుడిగట్టున, మిగతా మూడూ ఎడమగట్టున కలుస్తాయని వేరే బట్టీ కొట్టక్కర్లేదు.

ఇవి నా బొమ్మలు. వాడివి వాణ్ణే కట్టుకోనీ. డాక్టరు ఏనుగుకి సూది పొడుస్తున్నాడంటే పొడవనీ, "ఇవేం పిచ్చి ఊహలురా" అనకు. పెద్దవాళ్ళు అందించిన బొమ్మ కన్నా పిల్లలు కల్పించుకున్నదే ఎక్కువ రోజులు ఉండటం నా క్లాసుల్లో చూశాను. కళ్ళు మూసుకుంటే ఏమీ కనబడటం లేదంటే బలవంతం చెయ్యకు. అలాంటి పిల్లలూ ఉంటారు. కాగితం మీద గీయమను.

రాత్రి పడుకునేముందు, మర్నాడు, మళ్ళీ వారానికి ఒకసారి, మనసులోనే ఇల్లంతా తిరిగి రమ్మను. తడబడితే పుస్తకం ఇవ్వకు, "సోఫాలో ఎవరున్నారు?" అని అడుగు. అష్టావధానం చివర ధారణ చేసేటప్పుడు అవధాని చేతిలో కాగితం ఉంటుందా?

ఇంకో పాఠానికి వెంటనే ఇదే ఇల్లు వాడకు, కలగాపులగం అవుతుంది. బడికెళ్ళే దారి ఉంది, అమ్మమ్మగారిల్లు ఉంది. లెక్కల జోలికి మాత్రం దీన్ని తీసుకెళ్ళకు. తీసివేతలో పక్కంకె నుంచి ఎందుకు అప్పు తెస్తామో తెలియాలంటే చింతగింజలే కావాలి.

ఫ్రిజ్ దగ్గర మొదలుపెట్టి గేటు దాకా వెనక్కి కూడా చెప్పగలిగాక మ్యాపు తియ్యి. కందకుర్తి దగ్గర మంజీర, కాళేశ్వరం దగ్గర ప్రాణహిత, కూనవరం దగ్గర శబరి కలిసేది వేలితో చూపించు. మిగతా రెండూ వాణ్ణే వెతకమను.

మీ పెద్దమ్మ