మ్వాలిము న్యెరెరే ‘పుట్టాడా’, ‘పుట్టారా’?

సందేహం: ఆఫ్రికా నాయకుల గురించి పిల్లల కోసం వ్యాసం రాస్తున్నాను. ‘మ్వాలిము జూలియస్ న్యెరెరే గారు 1922లో బుటియామాలో పుట్టాడు, 1961లో టాంజానియా ప్రధాని అయ్యారు’ అని రాశాను. ఇది సరైనదేనా? ‘మ్వాలిము’ను తెలుగు చేయాలా?

సమాధానం: ‘గారు’ చేరిన పేరుకు ‘పుట్టాడు’ పొసగదు. ‘ఆయన పుట్టాడు’ అనవచ్చు. చరిత్ర రచనలో అది అగౌరవం కాదు. ‘గారు’ మాత్రం క్రియలో బహువచనాన్నే కోరుతుంది.

మీ వాక్యంలో పుట్టినప్పుడు ‘డు’ ఉంది, పదవి రాగానే ‘రు’ వచ్చింది. మన జీవిత చరిత్రల్లో తరచు కనిపించే ఈ అలవాటు నాకు బొత్తిగా నచ్చదు. మర్యాద మనిషికి కాక కుర్చీకి అని పిల్లలకు తోస్తుంది. న్యెరెరే విషయంలో అది మరీ అన్యాయం. స్వాతంత్ర్యం వచ్చి రెండు నెలలైనా నిండకముందే, 1962 జనవరిలో, ప్రధాని పదవిని రషీది కవావాకు అప్పగించి పార్టీని బలపరచే పనిలోకి వెళ్లిన మనిషి ఆయన. ఆ ఏడాది డిసెంబరులో అధ్యక్షులయ్యారు. 1985లో ఆ పదవినీ తామే వదిలారు. మొదటి నుంచి చివరి దాకా ‘రు’ ఒక్కటే వాడండి.

‘మ్వాలిము’ అంటే స్వాహిలిలో ఉపాధ్యాయుడు. ఎడిన్‌బరోలో చదువు ముగించుకుని వచ్చి, దారెస్సలాం దగ్గర పుగులో ఆయన పాఠాలు చెప్పారు. 1954లో ఆయన నాయకత్వంలో, దేశ స్వాతంత్ర్యం కోసం ‘టాను’ పార్టీ ఏర్పడింది, మరుసటి ఏడాది ఉద్యోగం మానేశారు. జనం నోట మాత్రం ఆ పిలుపు నిలిచిపోయింది. దీన్ని ‘న్యెరెరే పంతులు’ అనాలనిపించవచ్చు, అనకండి. పేరు చివర ‘పంతులు’ మన దగ్గర వృత్తిని చెప్పదు: ప్రకాశం పంతులు న్యాయవాది. ‘మ్వాలిము’నే ఉంచి, మొదటిసారి అర్థం చెప్పండి. అది గౌరవ సంబోధనే కనుక ‘గారు’ అక్కర్లేదు. ‘మహాత్మా గాంధీ గారు’ అని వ్యాసాల్లో రాయం కదా.

వ్యాకరణం కాని దోషం ఒకటుంది. 1961లో టాంజానియా లేదు. డిసెంబరు 9న స్వతంత్రమైనది టాంగన్యీకా. 1964లో జాంజిబార్‌తో కలిశాకే, రెండు పేర్ల తొలి అక్షరాలతో టాంజానియా పేరు పుట్టింది.

ఇలా రాయవచ్చు: ‘మ్వాలిము జూలియస్ న్యెరెరే 1922లో బుటియామాలో పుట్టారు, 1961లో టాంగన్యీకా ప్రధాని అయ్యారు.’ దీని వెంటనే 1962 జనవరి సంగతి తప్పక చేర్చండి.