ముప్పై రోజులు నిండకముందే ఆయన్ని రైలెక్కించండి

ప్రశ్న: మాది పెందుర్తి దగ్గర. మా ఆయన ఆర్మీలో సిపాయి, 13 ఏళ్ల సర్వీసు, ఇప్పుడు పఠాన్‌కోట్‌లో ఉన్నారు. నెల రోజుల సెలవు మీద వచ్చారు. తిరిగి వెళ్లడానికి నాలుగు రోజులుందనగా మావయ్యగారికి పక్షవాతం వచ్చింది. కేజీహెచ్‌లో 12 రోజులు ఉంచాం. ఈలోగా సెలవు అయిపోయింది. డిశ్చార్జి అయ్యాక కూడా ఆయన వెళ్లలేదు. ఇవాళ్టికి 22 రోజులు ఎక్కువయ్యాయి. ఫోన్ స్విచ్ఛాఫ్ చేసేశారు. యూనిట్ నుంచి హవల్దార్ నాకు ఫోన్ చేస్తే భయపడి ‘బయల్దేరిపోయారండీ’ అని అబద్ధం చెప్పాను. నాలుగేళ్ల కిందట ఎవరితోనో గొడవపడి 14 రోజులు శిక్ష అనుభవించారు, సర్వీసు రికార్డులో రెడ్ ఎంట్రీ (శిక్ష పడినట్టు ఎర్ర సిరాతో రాసేది) పడింది. ‘ఇప్పుడు రెండోది పడుతుంది, ఉద్యోగం ఎలాగూ పోయింది, పరవాడలో సెక్యూరిటీ గార్డుగా చేరిపోతాను’ అంటున్నారు. రెండుసార్లు ట్రంకుపెట్టె సర్ది, మళ్లీ తీసేశారు. రాత్రిళ్లు తాగుతున్నారు. ‘నేను లేకపోతే మీకే నయం’ అని ఒకసారి అన్నారు. మా పెదనాన్న రిటైర్డ్ సుబేదార్. ఆయనకి తెలిస్తే పరువు పోతుందని చెప్పలేదు. నిజంగా ఉద్యోగం పోయినట్టేనా?

జవాబు: అమ్మా, పోలేదు. ఇంకా పోలేదు. కానీ ఇంకో వారం ఇలాగే ఇంట్లో కూర్చుంటే పోగొట్టుకునే దారిలో ఆయనే నడుస్తారు. అందుకే ముందు తేదీల గురించి మాట్లాడుకుందాం, మిగతావి తర్వాత.

అనుమతి లేకుండా 30 రోజులు రాకపోతే ఆర్మీ చట్టం ప్రకారం కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ వేస్తారు, ఆయన అప్పటికీ హాజరు కాకపోతే పారిపోయినవాడిగానే లెక్కకడతారు. జవాన్లు ‘భగోడా’ అంటారే, అదన్నమాట. మీ ఊరి పోలీసులకి కాగితం వస్తుంది, వాళ్లు మీ గుమ్మంలోకి వస్తారు. సెలవు దాటి ఉండిపోవడం ఒక నేరం, పారిపోవడం ఇంకొకటి. మొదటిది 39వ సెక్షన్, దానికి ఎక్కువలో ఎక్కువ మూడేళ్లు. రెండోది 38వ సెక్షన్, మామూలు పరిస్థితుల్లో కూడా ఏడేళ్ల దాకా వేయొచ్చు. ఈ రెంటికీ తేడా మనసులో ఉన్న ఉద్దేశం. తన కాళ్ల మీద తాను నడిచి యూనిట్ గేటు దగ్గరికి వెళ్లినవాడిని పారిపోయాడనడం కష్టం, పోలీసులు పట్టుకెళ్లి అప్పజెప్పినవాడిని అనడం తేలిక. మీరు రాసిన రోజుకి 22. విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీకే దాదాపు రోజున్నర, అక్కణ్ణుంచి పఠాన్‌కోట్‌కి ఇంకో రాత్రి. ఎన్ని రోజులు చేతిలో ఉన్నాయో మీరే లెక్కేసుకోండి.

ఇక రెడ్ ఎంట్రీ సంగతి. రెండోది పడితే ఇంటికే అన్న మాట ఆయనకి ఎవరు చెప్పారో గానీ తప్పు చెప్పారు. నాలుగు రెడ్ ఎంట్రీలుంటే సర్వీసు నుంచి డిశ్చార్జి చేసే ఆలోచన చేయొచ్చన్నది సైన్యంలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఆ నాలుగు పడినా యాంత్రికంగా పంపించేయడానికి వీల్లేదని 2015లో సుప్రీంకోర్టు వీరేంద్ర కుమార్ దూబే కేసులో చెప్పింది. ముందు విచారణ జరగాలి, సంజాయిషీ అడగాలి, ఎన్నేళ్లు చేశాడు, ఎలాంటి కష్టమైన చోట్ల చేశాడు, పెన్షన్‌కి ఎంత దగ్గరలో ఉన్నాడు ఇవన్నీ చూడాలని ఆర్మీ హెడ్‌క్వార్టర్స్ 1988లోనే రాసిన ఉత్తర్వుని కోర్టు గుర్తు చేసింది. మీ ఆయనకి రెండోదే పడబోతోంది. 13 ఏళ్లు చేసినవాడు, 15 నిండితే సర్వీస్ పెన్షన్ వచ్చేవాడు, ఈ రెండేళ్లని పరవాడ గేటు దగ్గర కుర్చీకి ఇచ్చేస్తానంటే ఆయన మీద నాకు కోపం కూడా రావడం లేదు, దిగులుగా ఉంది. డిస్మిస్ అయితే మామూలుగా పెన్షనూ ఉండదు, గ్రాట్యుటీ కూడా ఉండదు.

అయితే భయమేమీ లేదని మభ్యపెట్టను. ఎక్కువగా జరిగేది సీఓ గారి, అంటే యూనిట్ కమాండింగ్ ఆఫీసర్ ముందు పేషీ. 80వ సెక్షన్ కింద ఆయన 28 రోజుల దాకా మిలిటరీ కస్టడీ వేయొచ్చు, జీతం కోయొచ్చు. రాని రోజులకి జీతం ఎలాగూ రాదు, ఆ రోజులు సర్వీసులో కలిపే అవకాశమూ తక్కువే. ప్రమోషన్ వెనక్కి పోతుంది, ఇది ఖాయం అనుకోండి. ఇంకా కాస్త గట్టిగా తీసుకుంటే సమ్మరీ కోర్ట్ మార్షల్, అంటే యూనిట్‌లోనే క్లుప్తంగా జరిపే సైనిక విచారణ పెడతారు, దానికి ఉద్యోగం తీసేసే అధికారం కూడా ఉంది. ఎన్ని ఎంట్రీలున్నాయన్న లెక్కతో దానికి పని లేదు. ఏది జరుగుతుందన్నది చాలావరకు ఆయన ఎప్పుడు వెళ్లారు, ఏం పట్టుకెళ్లారు, ఏం చెప్పారు అన్నదాని మీద ఉంటుంది.

ఏం పట్టుకెళ్లాలో చెబుతాను, ఇది మీ చేతిలో పని. మీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. 12 రోజుల ఆసుపత్రిలో మొదటి నాలుగు సెలవులోనే పోయాయి. అంటే 22లో ఎనిమిది రోజులకి కేజీహెచ్ కాగితం ఉంది, మిగిలిన 14కి లేదు. ఆ ఎనిమిదికి అడ్మిషన్ చీటీ, డిశ్చార్జి సమ్మరీ, స్కానింగ్ రిపోర్టు, మందుల బిల్లులు అన్నీ రెండేసి జిరాక్సులు తీయించండి. మావయ్యగారిని ఇంటికి తెచ్చాక పక్క మీంచి లేపి కూర్చోబెట్టింది ఎవరు, ఫిజియోథెరపీకి తీసుకెళ్లింది ఎవరు, ఏ తేదీన, అవి ఒక తెల్లకాగితం మీద వరసగా రాయించండి. మిగిలినవాటికి నిజమే రాయాలి: భయపడ్డాను, ఫోన్ ఆపేశాను, తప్పు చేశాను అని. తెలిసిన డాక్టరు దగ్గర కామెర్లనో టైఫాయిడనో దొంగ సర్టిఫికెట్ రాయించుకుందామని ఎవరో ఒకరు ఈపాటికే చెప్పి ఉంటారు. వద్దు. దాన్ని విచారించడానికి వాళ్లకి ఒక్క ఉత్తరం చాలు, అబద్ధమని తేలితే ఆ నిజమైన ఎనిమిది రోజుల కాగితాల్ని కూడా ఎవరూ నమ్మరు.

మీరు చెప్పిన అబద్ధం సంగతి కూడా. ఆ హవల్దార్‌కి మీరే ఫోన్ చేయండి. ‘భయ్యా, ఆ రోజు భయపడి అలా చెప్పాను, ఆయన ఇంట్లోనే ఉన్నారు, ఫలానా రోజు రైలెక్కుతున్నారు’ అని చెప్పి, వెంటనే ఫోన్ ఆయన చేతికివ్వండి. మొదటి రెండు నిమిషాలు తిట్లు తింటారు. తిననివ్వండి. చాలామంది ఆగిపోయేది ఆ రెండు నిమిషాల దగ్గరే, శిక్ష దగ్గర కాదు. అదే రోజు సీఓ గారి పేరున ఉత్తరం రాయించి స్పీడ్‌పోస్ట్‌లో పంపండి, రసీదు దాచండి.

అక్కడికెళ్లాక ఆయనకి కొన్ని హక్కులుంటాయి, అవి తెలియక తలవంచుకుని అన్నిటికీ ‘జీ సాబ్’ అనేసి వస్తుంటారు. చార్జి చదివి వినిపించాలి, సాక్షుల్ని ప్రశ్నించొచ్చు, తన తరఫున సాక్షిని పిలిపించుకోవచ్చు. చదవకుండా సంతకం పెట్టొద్దు, గిల్టీ అనేముందు దాని ఫలితం ఏమిటో అడిగి తెలుసుకోవాలి. ఒకవేళ ఉద్యోగం తీసేస్తే ముందు ఆర్మీలోనే పై అధికారులకి పిటిషన్ పెట్టుకోవాలి, అక్కడ న్యాయం జరగకపోతే చెన్నైలో ఉన్న సాయుధ దళాల ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. దానికి మామూలుగా ఆరు నెలల గడువుంటుంది, కాబట్టి ప్రతి కాగితం మీద అందిన తేదీ వేసుకోమనండి. వకీలు ఖర్చు గురించి దిగులు పడకండి. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకి ఉచిత న్యాయ సహాయం ఉంది, కేసు మీ ఆయనది కాబట్టి ఆయనకి దొరుకుతుందో లేదో మీరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగొచ్చు.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే భయపెట్టిన వాక్యం. ‘నేను లేకపోతే మీకే నయం.’ తాగి అన్నాడులే అని వదిలేయకండి తల్లీ. ఇవాళే, తాగని వేళ చూసి, పక్కన ఎవరూ లేనప్పుడు, సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని. అడిగితే ఆలోచన పుడుతుందనేది వట్టి అపోహ. అవునన్నా, మాట్లాడకుండా తల తిప్పుకున్నా ఆయన్ని ఒంటరిగా వదలొద్దు, టెలీ మానస్ 14416కి చేయండి, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. అలా ఉంటే ప్రయాణం కంటే ముందు డాక్టరు, ఆ సంగతి యూనిట్‌కి కూడా దాచకుండా చెప్పాలి. ఒక్కణ్ణే రైలెక్కించడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు.

ఆ తోడు వెళ్లే మనిషి మీ బంధువుల్లోనే ఉన్నారు. పెదనాన్నగారికి తెలిస్తే పరువు పోతుందన్నారు. సుబేదార్‌గా దిగిన మనిషి ఇలా సెలవు దాటి వచ్చిన కుర్రాళ్లని ఎంతమందిని చూసి ఉంటారో ఒక్కసారి ఆలోచించండి. వాళ్లలో ఎంతమంది తర్వాత హాయిగా పెన్షన్ తీసుకుంటున్నారో మీ ఆయనకి చెప్పగలిగేది నేనూ కాదు, మీరూ కాదు, ఆయనే. గేటు దాకా ఆయన పక్కన నడిస్తే మీ ఆయన కాళ్లు తడబడవు. అల్లుడిని తిట్టినా పరవాలేదు, ఈ విషయంలో ఆ తిట్టుకి ఒక అర్థముంటుంది.

సాయంత్రం పెదనాన్నగారికి ఫోన్ చేయండి, రేపు ఇద్దరికీ తత్కాల్‌లో టికెట్లు తీయించండి. ట్రంకుపెట్టె ఈసారి మీరు సర్దండి. కేజీహెచ్ కాగితాలు బట్టల అడుగున కాదు, మూత తీయగానే కనబడేలా పైన పెట్టండి. బండి కదిలాక నాకు ఒక్క మాట రాయండి.