గరాజ్‌లో హాఫ్ డాలర్ల గుట్ట ఎమర్జెన్సీ ఫండ్ ఎలా అవుతుంది?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. అమెరికాలో హెచ్1బీ మీద ఉద్యోగం. నేను, భార్య, మూడేళ్ల పాప. నాలుగు నెలలుగా బ్యాంకుల నుంచి హాఫ్ డాలర్ (50 సెంట్ల నాణెం) బాక్సులు తెచ్చి పాత వెండి నాణేలు ఏరుతున్నాను. నాణెం ముఖ విలువ ఎటూ తగ్గదు కదా అని క్రెడిట్ కార్డు మీద 6,000 డాలర్లు క్యాష్ అడ్వాన్స్ (నగదు అప్పు) తీసుకున్నాను (ఫీజు 5 శాతం, వడ్డీ 29 శాతం). 22 బాక్సులు చూస్తే 40 శాతం వెండివి 9, 90 శాతంవి 2 దొరికాయి. నేను నాణేలు తిరిగి వేసే బ్యాంకులో లూజ్ కాయిన్స్ (రోల్స్ కట్టని విడి నాణేలు) ఇక తీసుకోం అన్నారు, అందుకని 7 బాక్సులు గరాజ్‌లో ఉన్నాయి. వాటినే ఎమర్జెన్సీ ఫండ్ అనుకుంటున్నాను. సేవింగ్స్‌లో 1,100 డాలర్లు ఉన్నాయి, నెల ఖర్చు 4,200. ఇప్పుడు 11 శాతానికి పర్సనల్ లోన్ వస్తోంది, తీసుకుని మరిన్ని బాక్సులు తిప్పవచ్చా? పాత పెన్నీలు (ఒక సెంటు నాణేలు) కూడా దాచమంటారా?

జవాబు: వద్దు. లోన్ సంగతి ఇక్కడితో అయిపోయింది, మిగతాది మాట్లాడుకుందాం.

"విలువ తగ్గని వస్తువే కదా, అప్పు చేసి కొంటే ఏం పోయింది" అనే లెక్క నాకు కొత్త కాదు. కొందరు బంగారానికి చెప్తారు, కొందరు ప్లాటుకి, మీరు హాఫ్ డాలర్‌కి చెప్తున్నారు. నాణెం విలువ తగ్గదు, ఒప్పుకుంటాను. కానీ క్యాష్ అడ్వాన్స్‌కి వడ్డీ లేని గడువు ఉండదండీ, డబ్బు చేతిలో పడ్డ రోజు నుంచే మీటరు తిరుగుతుంది. 300 ఫీజుకే పోయింది. వడ్డీ నెలకు సుమారు 145, నాలుగు నెలలకు 580 దాకా. మొత్తం 880. మరి దొరికిందేమిటి? 90 శాతం వెండి ఉన్న 1964 హాఫ్ డాలర్‌లో 0.3617 ఔన్సు వెండి, 1965 నుంచి 1970 వరకు వచ్చిన 40 శాతం వాటిలో 0.1479 ఔన్సు. ఔన్సు 50 డాలర్లని అనుకుని లెక్క వేస్తే మీ పదకొండు నాణేలకీ కలిపి 103 వస్తుంది, ముఖ విలువ తీసేస్తే 97. కాయిన్ షాపువాడు తన లాభం చూసుకోకుండా అంత కూడా ఇవ్వడు. పెట్రోలు నేను లెక్కలో వేయలేదు. ఒక్కో బాక్సులో వెయ్యి నాణేలు, 11 కిలోల పైనే బరువు, అంటే మీరు నాలుగు నెలల్లో దాదాపు 250 కిలోల లోహం ఇంటికి మోసి, అందులో ఎక్కువ భాగం మళ్లీ బ్యాంకుకి మోశారు.

ఎందుకు దొరకలేదంటే మీ అదృష్టం బాగాలేక కాదు. 1965లో చట్టం మారి నాణేల్లో వెండి తగ్గించినప్పటి నుంచీ జనం ఏరుతూనే ఉన్నారు. ఇంకొకరు ఏరేసి బ్యాంకులో వేసినవే తిరిగి తిరిగి మీ బాక్సులోకి వస్తాయి. 11 శాతం లోన్ తెచ్చి బాక్సులు పెంచితే, ఎవరో వడకట్టేసిన టీపొడిని మీరు మళ్లీ మరిగించడమే.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించింది గరాజ్ మాట. 7 బాక్సులంటే 3,500 డాలర్లు, దగ్గర దగ్గర 80 కిలోలు. రాత్రి పదకొండింటికి పాపకి జ్వరం ఎక్కువై ఎమర్జెన్సీకి పరిగెత్తారనుకోండి, కౌంటర్ దగ్గర ఏం చేస్తారు, డబ్బా దించి నాణేలు లెక్కపెడతారా? ఉన్న బ్యాంకే తీసుకోనంది. పైగా అది మీ డబ్బే కాదు, కార్డువాళ్ల డబ్బు. మీ అసలు ఎమర్జెన్సీ ఫండ్ 1,100. నెలకు 4,200 ఖర్చున్న ఇంటికి అది ఎనిమిది రోజులు కూడా నిండదు.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఇది మామూలు విషయం కాదు. లేఆఫ్ అయితే గరిష్ఠంగా 60 రోజులు, ఆలోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదంటే స్టేటస్ మార్చుకోవాలి, లేదంటే సామాను సర్దుకోవాలి. ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్‌ని కోబ్రా (ఉద్యోగం పోయాక కూడా ఆ ఇన్సూరెన్స్ కొంతకాలం ఉంచుకోనిచ్చే అమెరికా చట్టం) కింద కొనసాగించాలంటే కంపెనీ కట్టే వాటా కూడా మీ మీదే పడుతుంది, ప్రీమియంలో 102 శాతం వరకు అడగొచ్చు. అంటే జీతం ఆగిన నెలలోనే ఖర్చు పెరుగుతుంది. టికెట్లు, లీజు మధ్యలో తెంచుకున్నందుకు కట్టాల్సింది, ఇవన్నీ ఆ రెండు నెలల్లోనే. అందుకే మీలాంటి వాళ్లకి మూడు నెలల ఖర్చు చాలని నేను ఒప్పుకోను. ఆరు నెలలు, అంటే 25,200, ఎఫ్‌డీఐసీ (బ్యాంకు డిపాజిట్లకు అమెరికా ప్రభుత్వ సంస్థ ఇచ్చే) ఇన్సూరెన్స్ ఉన్న సేవింగ్స్ ఖాతాలో, ఫోన్‌లో రెండు నిమిషాల్లో తీసుకునేలా ఉండాలి.

ఈ వారం చేయాల్సింది: బ్యాంకుకి ముందే ఫోన్ చేసి నాణేలు రోల్స్ కట్టి తెస్తే తీసుకుంటారా అడగండి. ఒక రోల్‌కి 20 నాణేలు, కాగితపు చుట్టలు చాలా బ్యాంకులు ఊరికే ఇస్తాయి. ఇద్దరూ కూర్చుంటే 350 రోల్స్ రెండు మూడు సాయంత్రాల పని. ఆ 3,500 వచ్చింది వచ్చినట్టు కార్డుకి కట్టేయండి. మిగిలిన బాకీ తీరేదాకా సినిమా, రెస్టారెంట్, కొత్త ఫోన్ అన్నీ బంద్. బాకీ తీరాక అదే మొత్తం నెలనెలా ఆ సేవింగ్స్ ఖాతాలోకి. మీ పేరు మీద సొంతంగా టర్మ్ పాలసీ ఒకటి తీసుకోండి, ఆఫీసు ఇచ్చే గ్రూప్ కవర్ ఉద్యోగంతోనే పోతుంది. మిగతా పెట్టుబడులు తర్వాత.

పెన్నీల సంగతి: 1982కి ముందువాటిలో 95 శాతం రాగి ఉన్న మాట నిజమే. కానీ అక్కడ పెన్నీలు కరిగించడం నేరం, 10,000 డాలర్ల వరకు జరిమానా, ఐదేళ్ల దాకా జైలు. దాచుకుని ఏం చేస్తారు?

సరదా పూర్తిగా మానమని అనను. నేనూ ఒకప్పుడు నికెల్ (ఐదు సెంట్ల నాణెం) రోల్స్ విప్పినవాణ్నే. 1943 నికెల్ ఒకటి దొరికింది, వెనకవైపు భవనం గుమ్మటం మీద పెద్ద పి అక్షరం ఉంది, 35 శాతం వెండి, రంగు కూడా మిగతావాటికంటే కాస్త మసకగా. ఆ రాత్రి ఇంట్లో అందరికీ చూపించాను, ఎవరికీ పట్టలేదు. నికెల్ రోల్ రెండు డాలర్లు. వారానికి ఐదు రోల్స్ జేబులో డబ్బుతో తెచ్చుకోండి, విప్పండి, సోమవారం తిరిగి ఇచ్చేయండి. హాఫ్ డాలర్ బాక్సు జోలికి మాత్రం ఆ ఖాతాలో 25,200 కనిపించాకే వెళ్లండి.