రంగు పోయినంత మాత్రాన నీళ్లు బాగుపడినట్టు కాదు

అద్దకం రంగు నీళ్ల శుద్ధికి బ్యాక్టీరియా పద్ధతి మంచిదా, కరెంటు పద్ధతి మంచిదా అని అడిగారు. ఏళ్లుగా ఈటీపీ (ఫ్యాక్టరీ వదిలే నీళ్లను శుద్ధి చేసే ప్లాంటు) నడుపుతున్నవాడిగా చెబుతున్నాను: రెండూ కావాలి. కానీ ముందు బ్యాక్టీరియా, ఆ తర్వాతే కరెంటు. ఈ వరస తిరగేస్తే ఏమవుతుందో కళ్లారా చూశాను.

ఒక కంపెనీ వాళ్లు మా యూనిట్‌కి ఎలక్ట్రోడ్ల ట్యాంకు తెచ్చి ట్రయల్ వేశారు. రియాక్టివ్ డైయింగ్ (బట్టకి రంగు రసాయనికంగా అతుక్కునే అద్దకం) నీళ్లలో ఉప్పు దండిగా ఉంటుంది కదా, కరెంటు బాగా పారింది. చూస్తుండగానే ముదురు ఎరుపు కాస్తా లేత పసుపైంది. బీకరు పైకెత్తి చూపించగానే అందరూ చప్పట్లు. నాకు మాత్రం బ్లీచింగ్ వాసన గుప్పున కొట్టింది. ఉప్పులోని క్లోరైడ్ ఆనోడ్ (పాజిటివ్ ఎలక్ట్రోడ్) దగ్గర క్లోరిన్‌గా మారి రంగునిచ్చే బంధాన్ని తెంచింది, మిగతా సరుకంతా నీళ్లలోనే ఉంది. సీఓడీ, అంటే నీళ్లలోని మలినాలను ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క, చూద్దామన్నాను. ఆ పరీక్షకి శాంపిల్‌ని 150 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచాలి, అంతసేపు ఆగే ఓపిక వాళ్లకి లేదు. తీరా చూస్తే రీడింగ్ పెద్దగా తగ్గనే లేదు.

నేను వద్దంటున్నా ఆ నీళ్లు మా ఏరేషన్ ట్యాంకులోకి (గాలి ఊదుతూ బ్యాక్టీరియాతో శుద్ధి చేసే ట్యాంకు) వదిలారు. మర్నాటికి ట్యాంకు నిండా తెల్లటి నురగ, స్లడ్జ్ (బ్యాక్టీరియా ముద్ద) అడుక్కి దిగడం లేదు. మైక్రోస్కోప్ కింద ఎప్పుడూ కాడల మీద ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉండే గంట ఆకారపు సూక్ష్మజీవులు, వర్టిసెల్లాలు, ఒక్కటీ కదల్లేదు. మిగులు క్లోరిన్ చంపేసింది. ట్యాంకు మళ్లీ కోలుకునేదాకా మేం పడ్డ టెన్షన్ మాకే తెలుసు.

అలాగని బ్యాక్టీరియా ఒక్కటే చాలు అనేవాళ్లతోనూ నాకు పేచీయే. అజో రంగుల్లో నైట్రోజన్ల మధ్య బంధాన్ని గాలి లేని ట్యాంకులో బ్యాక్టీరియా తెంచుతుంది. రంగు పోతుంది, ఆరోమాటిక్ అమైన్లు అనే రసాయనాలు మిగులుతాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ తెచ్చేవి. అందుకే ఆ వెంటనే గాలి ఆడే ట్యాంకు ఉండి తీరాలి. అక్కడా లొంగని మొండి రంగుకి అప్పుడు కరెంటు పెట్టండి. లోడు తగ్గి ఉంటుంది కాబట్టి బిల్లూ తగ్గుతుంది.

ఒకే ఒక్క రంగును డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, దాదాపు మొత్తం తీసేశామని రాసే పేపర్లు చూస్తే ఒళ్లు మండుతుంది. అసలు డ్రెయిన్‌లో నాలుగైదు రంగులు, ఉప్పు, సోడా, సబ్బు, 10 దాటిన పీహెచ్ అన్నీ కలిసే వస్తాయి. మెషిన్ అమ్మడానికి ఎవరొచ్చినా మీ డ్రెయిన్ నీళ్లతోనే ట్రయల్ వేయించండి. సీఓడీ, మిగులు క్లోరిన్, క్లోరిన్ అతుక్కున్న కర్బన పదార్థాల లెక్క చెప్పే ఏఓఎక్స్, ఈ మూడు రిపోర్టులూ చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.